గోళీసోడా సీసాతో పాప్ ఆర్ట్ ప్రింటు: శుభలేఖల పద్ధతిలో ఇంట్లోనే వేసుకోవడం ఎలా?

ఫోన్‌లో ఒక ఫిల్టర్ నొక్కితే ఏ ఫొటో అయినా నాలుగు గళ్లలో నాలుగు రంగులుగా మారిపోతుంది. దాన్నే పాప్ ఆర్ట్ అనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. నేనూ కొన్నాళ్లు అలాగే ఆగిపోయాను. 1962లో న్యూయార్క్‌లో ఆండీ వార్హోల్ అనే చిత్రకారుడు మొదలుపెట్టిన పని ఇంకొకటి. కొట్లో దొరికే సరుకును తీసుకున్నాడు. దాన్ని బొమ్మగా మార్చడానికి ప్రకటనలూ డబ్బాలూ అచ్చువేసే వ్యాపార పద్ధతినే వాడుకున్నాడు. సరుకూ బజారుదే, అచ్చు పద్ధతీ బజారుదే.

ఆ పద్ధతి స్క్రీన్ ప్రింటింగ్. మనకేమీ కొత్తది కాదు. శుభలేఖలు, గుడ్డ సంచులు, స్టిక్కర్లు, క్లబ్బు టీషర్టులు ఎన్నో దీంతోనే వేశారు, ఇంకా వేస్తున్నారు. కాస్త పెద్ద ఊళ్లో ప్రెస్సులుండే వీధికి వెళ్తే చెక్క ఫ్రేము, దానికి బిగించిన మెష్ అనే సన్నటి జాలీ గుడ్డ, రంగు లాగే స్క్వీజీ అనే రబ్బరు అంచు పలక కనిపిస్తాయి. మెష్ బిగించిన ఫ్రేమే స్క్రీన్. బొమ్మ ఉన్న చోట తెరిచి, మిగతా చోట మూసేసిన ఆ మెష్‌లోంచి రంగును కాగితం మీదకు దింపుతారు. అమెరికా వాళ్ల ఆర్ట్ పుస్తకాల్లో సెరిగ్రఫీ అని గంభీరంగా రాసేది ఈ పనినే. అందుకే ఇంగ్లిష్ వీడియోలు నాలుగు చూడ్డం కంటే, శుభలేఖలు వేసే వాళ్ల దగ్గర ఒక మధ్యాహ్నం కూర్చుంటే ఎక్కువ నేర్చుకుంటారు. అక్కడ నేర్చుకున్నదానికి నా తప్పులు కలిపి, ఒక్క ప్రింటును మొదటి నుంచి చివరిదాకా చెప్తాను.

ఏ వస్తువు తీసుకోవాలి?

వార్హోల్ సూప్ డబ్బాలు అందరికీ తెలుసు. 1962 జూలైలో లాస్ ఏంజెలెస్‌లోని ఫెరస్ గ్యాలరీలో 32 కాన్వాసులు పెట్టారు, ఒక్కో రుచికి ఒక్కో డబ్బా. గోడకు సన్నటి పలక కొట్టి, కొట్లో అలమారా మీద పేర్చినట్టు వాటిని వరసగా నిలబెట్టారు. చిత్రమేమిటంటే అవి స్క్రీన్ ప్రింట్లు కావు, చేత్తో వేసినవే. సూప్ డబ్బాల స్క్రీన్ ప్రింట్ల సెట్టు 1968లో వచ్చింది, పది ప్రింట్లు, ఒక్కోటి 250 ప్రతులు. అదే 1962లో ఆయన వేసిన ఆకుపచ్చ కోకాకోలా సీసాల బొమ్మ ఒకటుంది. దాదాపు ఒకేలా ఉండే 112 సీసాలు వరసలు కట్టి ఉంటాయి. వాటి నల్ల గీతలు చెక్క అచ్చుతో కొట్టినవని న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం వాళ్లు భావిస్తారు. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు ఆ బొమ్మ కిటుకు వెంటనే అర్థమవుతుంది: ఒకే అచ్చు, ఒక్కో దెబ్బకు ఒక్కో రకం ఒత్తిడి. ఎక్కడా రెండు సీసాలు అచ్చం ఒకేలా పడవు.

మన ప్రింటుకు గోళీసోడా సీసా తీసుకుందాం. దీనికి మూడు కారణాలున్నాయి. మొదటిది, నీడ చూసినా గుర్తుపడతాం. నడుము దగ్గర నొక్కినట్టున్న ఆ మెడ ఇంకే సీసాకూ లేదు. రెండోది, దాని మీద కంపెనీ పేరు ఉండాల్సిన పనిలేదు, కాబట్టి ట్రేడ్‌మార్కు టెన్షన్ లేదు. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. సోడా బండి మీద సీసాలు ఎప్పుడూ వరసల్లోనే ఉంటాయి. పాప్ ఆర్ట్‌లో ఒకే బొమ్మను పదే పదే వేయడం చూసి, చాలామంది ఏ వస్తువునైనా గళ్లలో పెట్టేస్తారు. కుక్కర్ పదిహేనుసార్లు కనిపిస్తే దానికి అర్థం ఉండదు, ఇంట్లో కుక్కర్ ఒకటే కదా. అగ్గిపెట్టెలు, సబ్బులు, సోడాలు, షాంపూ ప్యాకెట్ల దండ ఇవన్నీ కొట్లోనే గుంపుగా ఉంటాయి. వరస కట్టే హక్కు వాటికి ముందే ఉంది.

గీసే ముందు సీసా ఎలా పనిచేస్తుందో ఒకసారి చూడండి. ఇంగ్లండుకు చెందిన హైరమ్ కాడ్ 1872లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. సీసాను తలకిందులుగా పెట్టి సోడా నింపుతారు. గోళీ జారి మూతి దగ్గరకు వస్తుంది, గ్యాసు ఒత్తిడికి అక్కడున్న రబ్బరు రింగుకు గట్టిగా అతుక్కుపోతుంది. బొటనవేలితో నొక్కితే గోళీ లోపలికి పడిపోతుంది. మెడలో ఉండే రెండు సొట్టలు సోడా వంచేటప్పుడు గోళీ మళ్లీ మూతికి అడ్డం పడకుండా పట్టుకుంటాయి. మీ బొమ్మలో గోళీ ఎక్కడుందన్నది అందుకే ముఖ్యం. మూతి దగ్గరుంటే అది కొట్టని సోడా, మెడలో ఉంటే కొట్టిన సోడా. నేను మెడలోనే పెడతాను, ఆ గుండ్రం బొమ్మ మధ్యకు వచ్చి బాగుంటుంది.

ఫొటో, ఆ తర్వాత గీత

ఎవరో తీసిన ఫొటో వద్దు. సొంతంగా తీయండి. 2023 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు సాక్షాత్తూ వార్హోల్ బొమ్మ విషయంలోనే, ఆ బొమ్మకు ఆధారమైన ప్రిన్స్ అనే గాయకుడి ఫొటో తీసిన లిన్ గోల్డ్‌స్మిత్ వైపు తీర్పు చెప్పింది. అక్కడి చట్టం వేరు, ఇక్కడి చట్టం వేరు. అయినా సీసా పది నిమిషాల్లో మనమే ఫొటో తీసుకోవచ్చు, ఆ గొడవ ఎందుకు?

గాజును ఫొటో తీయడంలో ఒక కిటుకు ఉంది. ముందు నుంచి లైటు వేస్తే సీసా మీద ఎదుటివన్నీ మెరుస్తాయి, అంచు కనబడదు. కిటికీకి తెల్లకాగితం అంటించి, దాని ముందు సీసా పెట్టండి. వెనక నుంచి వెలుతురు వస్తే గాజు అంచులు నల్లగా, మధ్యలో తెల్లగా వస్తుంది. మనకు కావాల్సింది ఆ నల్ల అంచే. ఫోన్‌ను సీసా నడుము ఎత్తులో పట్టుకుని, రెండు మీటర్లు వెనక్కి జరిగి జూమ్ చేయండి. దగ్గర నుంచి తీస్తే అడుగు సన్నగా, మూతి లావుగా వచ్చి సీసా వంకరపోతుంది.

ఫొటోను కంప్యూటర్లో గింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లో తెరిచి, బ్లాక్ అండ్ వైట్ చేసి, థ్రెషోల్డ్ అనే పనిముట్టుతో బూడిదరంగులన్నీ తీసేయండి. నలుపు, తెలుపు మాత్రమే మిగులుతాయి. ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు, ఎందుకంటే వచ్చిన బొమ్మ చీమలు పాకినట్టుంటుంది. దాన్ని నేరుగా వాడకండి. ప్రింటు తీసి, మీద ట్రేసింగ్ పేపరు పెట్టి, నల్ల మార్కరుతో మీకు కావాల్సిన గీతలు మాత్రమే మళ్లీ గీయండి: బయటి అంచు, మెడలో రెండు సొట్టలు, గోళీ చుట్టూ ఒక వలయం, అడుగున ఒక మందపాటి నీడ. అయిదారు గీతలు చాలు. ఒక్కో గీత తీసేసి చూడండి. సీసా ఇంకా సీసాలాగే ఉంటే ఆ గీత అక్కర్లేనిదే. గీతలు రెండు మిల్లీమీటర్ల మందం ఉండాలి. ఎందుకో రంగుల దగ్గర తెలుస్తుంది.

కంప్యూటరు లేకపోయినా నష్టం లేదు. సీసాను తెర వెనక పెట్టి నీడ పడేట్టు చేసి, ఆ నీడ చుట్టూ గీసుకోవచ్చు. నా మొదటి సీసా అలా గీసిందే, ఇప్పటికీ అదే నచ్చుతుంది.

మూడు స్క్రీన్లు, అయిదు రంగులు

ఈ ప్రింటులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, అందుకే కాస్త నిదానంగా చెప్తాను.

కాగితం 12×18 అంగుళాలు. డిజిటల్ ప్రెస్సుల వాళ్లు వాడే సైజు కాబట్టి తేలిగ్గా దొరుకుతుంది. బొమ్మ 9×13.5 అంగుళాల దీర్ఘచతురస్రం. అందులో అడ్డంగా అయిదు, నిలువుగా మూడు, మొత్తం పదిహేను సీసాలు. ఒక్కో సీసా నాలుగు అంగుళాల ఎత్తు. స్క్రీన్ తయారీకి బొమ్మను నల్లగా అచ్చువేసే పారదర్శక షీటును ఫిల్ము అంటారు. ఎ3 ఫిల్ములో బొమ్మ సరిగ్గా పడుతుంది, చుట్టూ గుర్తులు పెట్టుకోవడానికి చోటూ ఉంటుంది.

మొదటి స్క్రీన్ పసుపు. దీర్ఘచతురస్రం మొత్తం పసుపే, కానీ పదిహేను గోళీల చోట గుండ్రాలు, సీసాల మీద మెరుపు పడే చోట సన్నటి పట్టీలు ఖాళీగా వదలాలి. రెండో స్క్రీన్ నీలం. సీసా ఆకారం మొత్తం, గోళీతో సహా. మెరుపు పట్టీలు మాత్రం ఇందులోనూ ఖాళీ. మూడోది నల్ల గీతలు.

ఇప్పుడు ఏం జరుగుతుందో చూడండి. నీలం రంగును పారదర్శకంగా కలిపితే, పసుపు మీద పడ్డ చోట చిలకపచ్చ అవుతుంది. గోళీ దగ్గర కింద పసుపు లేదు కాబట్టి అక్కడ నీలంగానే నిలుస్తుంది. మెరుపు దగ్గర రెండూ లేవు, కాగితం తెలుపు కనిపిస్తుంది. మూడు ఇంకులతో పసుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు వచ్చేశాయి. ఆకుపచ్చ డబ్బా కొనాల్సిన పనే లేదు.

ఇందుకు నీలం సరైనదై ఉండాలి. కుంకుమ ఛాయ ఉండే అల్ట్రామెరైన్ నీలం వాడితే పసుపు మీద బురద ఆకుపచ్చ వస్తుంది. థాలో బ్లూ అని అడగండి, దాంతో నిమ్మపండు పసుపు కలిస్తే తేటగా వస్తుంది. ఒక వంతు అక్రిలిక్ రంగుకు మూడు నాలుగు వంతుల స్క్రీన్ ప్రింటింగ్ మీడియం (అచ్చుకు అనువుగా రంగులో కలిపే, రంగులేని ద్రవం) కలిపితే పారదర్శకత వస్తుంది. పసుపు రంగు వేసిన కాగితం ముక్క మీద వేలితో రాసి చూసుకుని నిష్పత్తి తేల్చుకోండి. పసుపుకు, నలుపుకు సగం రంగు, సగం మీడియం చాలు.

ఇక గీతల మందం సంగతి. కాగితం ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే నీలం గోళీకి ఒక అంచున ఆకుపచ్చ చంద్రవంక వస్తుంది. చుట్టూ రెండు మిల్లీమీటర్ల నల్ల వలయం ఉంటే అది దాని కింద దాక్కుంటుంది. మెరుపు పట్టీల చుట్టూ నల్ల గీత లేదు కాబట్టి అక్కడ జరుగుడు కనబడుతుంది. దాన్ని సరిచేయడానికి నేను ప్రయత్నించను. చవక లేబుళ్లలో ఎరుపు ఒకచోట, గీత ఒకచోట పడటం మనందరం చూశాం. అచ్చులో ఆ తడబాటు కొంచెం ఉండాలి, లేకపోతే ప్రింటు తీసినట్టే ఉండదు.

చివరగా ఒక సలహా. పదిహేనింటిలో ఒక్క సీసాకు వేరే రంగు వేయాలని మనసు లాగుతుంది. వద్దు. ప్రతి ప్రకటనలోనూ ఆ ఉపాయం వాడేశారు.

సామాను

సాగువానో మరే గట్టి కర్రో తీసుకుని ఫ్రేము చేయించండి, లోపలి కొలత 15×20 అంగుళాలు. బొమ్మకు చుట్టూ మూడు అంగుళాలు ఖాళీ ఉండాలి, లేకపోతే అంచుల దగ్గర మెష్ సరిగా వంగదు. మెష్‌ను కొన్ని కొట్లలో బోల్టింగ్ క్లాత్ అంటారు. కాగితానికి సెంటీమీటరుకు 90 దారాలది అడగండి. టీషర్టుల మెష్ 43, 55 ఉంటుంది, అది కాగితం మీద రంగును ముద్దగా దింపుతుంది. మెష్ బిగించడం సొంతంగా చేయకండి. ఫ్రేములు అమ్మేవాళ్లతోనే బిగించి ఇమ్మనండి. వేలితో కొడితే డప్పులా మోగాలి. మూడు స్క్రీన్లకు మూడు ఫ్రేములుంటే హాయి. ఒక్కటే ఉన్నా సరే, ఒక రంగు వేశాక కడిగి మళ్లీ వాడుకోవచ్చు.

స్క్వీజీ బొమ్మ వెడల్పు కంటే రెండంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే 11 అంగుళాలు. రబ్బరు అంచు పదునుగా ఉందో లేదో గోటితో చూసుకోండి. అంచు గుండ్రమైతే గీతలు ఉబ్బుతాయి.

కాగితం 300 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), కోటింగ్ లేనిది. నిగనిగలాడే ఆర్ట్ కార్డు మీద నీళ్ల ఇంకు నిలవదు, గోకితే లేచిపోతుంది. 20 ప్రింట్లు కావాలంటే 26 షీట్లు కొనండి. కొన్న రోజునే వేయకండి. ఒక రోజంతా అదే గదిలో ఉంచితే గదిలో చెమ్మకు కాగితం అలవాటుపడుతుంది. వానాకాలంలో ఇది మరీ అవసరం, పొద్దున్నకీ సాయంత్రానికీ కాగితం సాగి రంగులు కలవకుండా పోతాయి.

ఎమల్షన్ అంటే మెష్‌కు పూసే పూత. వెలుతురు తగిలిన చోట గట్టిపడి కన్నాలు మూసేస్తుంది, తగలని చోట నీళ్లకు కరిగిపోతుంది. అది కొనేటప్పుడు ఒక్క మాట జాగ్రత్తగా వినండి. కొన్ని కొట్లలో చవగ్గా అమ్మోనియం బైక్రోమేట్ కలిపే రకం ఇస్తారు. ఆ నారింజ పొడిలో ఉండే క్రోమియం క్యాన్సర్ కలిగించే రకం, చర్మానికీ ఊపిరితిత్తులకూ చేటు. ఇంట్లో పిల్లలుండే చోట అసలు పెట్టకూడదు. డయాజో సెన్సిటైజర్‌తో (ఎమల్షన్‌ను వెలుతురుకు గట్టిపడేట్టు చేసే మరో రకం మందు) వచ్చే ఎమల్షన్ అడగండి, ధర కొంచెం ఎక్కువే అయినా సరే.

స్క్రీన్ తయారీ

ముందు మెష్‌ను అంట్లు తోమే లిక్విడ్‌తో రెండువైపులా మెత్తగా రుద్ది కడిగి ఆరబెట్టండి. కంటికి కనపడని జిడ్డు ఉంటే ఎమల్షన్ అక్కడ చిల్లులు పడుతుంది.

ఎమల్షన్ పూసేది వెలుతురు లేని గదిలో. ఎండ రాకుండా కిటికీ మూసి, పసుపు రంగు బల్బు ఒకటి పెట్టుకుంటే చాలు. రాత్రి పూట స్టోర్ రూములో చేసుకుంటే ఇంకా తేలిక. స్కూప్ కోటరు అనే తొట్టిలాంటి పనిముట్టుతో కింద నుంచి పైకి ఒకే వేగంతో లాగాలి. కాగితాన్ని తాకే వైపు రెండు పూతలు, రంగు పోసే వైపు ఒకటి. పూత పల్చగా, సమంగా ఉండాలి. మందంగా ఉంటే గట్టిపడదు. తర్వాత కాగితం వైపు కిందకు ఉండేట్టు, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి అడ్డంగా పడుకోబెట్టి, చీకట్లోనే ఫ్యాను కింద ఆరనివ్వండి. ఆరిందీ లేనిదీ ముట్టుకుని చూస్తే తెలుస్తుంది, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

ఫిల్ము విషయానికొస్తే, మూడు స్క్రీన్లకు మూడు నల్లబొమ్మలు కావాలి. రంగు ఏదైనా ఫిల్ము మాత్రం నలుపే. ఫిల్ము వేయించుకునే చోటు దగ్గర్లో లేకపోతే, ట్రేసింగ్ పేపరు మీద లేజర్ ప్రింటు తీయించుకోండి. నలుపు పల్చగా అనిపిస్తే రెండు ప్రింట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి అంటించండి. మామూలు కాగితం మీద తీసి, వెనక దూదితో నూనె రాసి పారదర్శకం చేసే పాత పద్ధతి కూడా పనిచేస్తుంది, కానీ ఆ నూనె స్క్రీనుకు అంటకుండా తుడుచుకోవాలి. మూడింటిమీదా నాలుగు మూలల్లో ఒకే చోట ప్లస్ గుర్తులు పెట్టడం మరవకండి.

ఎక్స్‌పోజ్ చేయడానికి, అంటే స్క్రీన్‌కు వెలుతురు చూపించడానికి, మనకు ఎండే మంచి దీపం. కింద చెక్క పలక, దాని మీద మెత్తటి స్పాంజి, దానిపై నల్లగుడ్డ, గుడ్డ మీద స్క్రీన్. స్క్రీన్ కాగితం వైపు పైకి ఉండాలి. దాని మీద ఫిల్ము సిరా వైపు మెష్‌కు తాకేట్టు, ఆ పైన అయిదు మిల్లీమీటర్ల గాజు పలక. ఫిల్ముకూ మెష్‌కూ మధ్య సందు ఉంటే వెలుతురు దూరి అంచులు మసకబారుతాయి. అక్షరాలున్న బొమ్మ అయితే, ఈ స్థితిలో చూసినప్పుడు తిరగేసి కనిపించాలి, అప్పుడే కాగితం మీద సూటిగా పడుతుంది.

ఎంతసేపు? ఒక్క అంకె చెప్పి మిమ్మల్ని మోసం చేయలేను. గుంటూరు మే ఎండా, హైదరాబాద్ డిసెంబరు ఎండా ఒకటి కావు. అందుకే ఒక చిన్న పరీక్ష చేయండి. చిన్న ఫ్రేము మీద ఎమల్షన్ పూసి, ఫిల్ము పెట్టి, అట్టముక్కతో కప్పి, ప్రతి 20 సెకన్లకూ అట్టను రెండంగుళాలు పక్కకు జరుపుతూ పోండి. కడిగాక చూస్తే, కొన్ని పట్టీలలో ఎమల్షన్ మొత్తం కారిపోయి ఉంటుంది, అక్కడ వెలుతురు చాలలేదు. కొన్నిటిలో ఎంత కడిగినా సన్న గీతలు తెరుచుకోవు, అక్కడ ఎక్కువైంది. మధ్యలో శుభ్రంగా వచ్చిన పట్టీ మీ సమయం. అది ఏ నెలలో, ఏ గంటకు తీసుకున్నారో గోడమీద రాసి పెట్టుకోండి.

ఎండలోంచి తెచ్చిన స్క్రీన్‌ను వెంటనే రెండువైపులా తడిపి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, మెత్తటి జల్లుతో కడగాలి. బాత్రూమ్‌లో ఉండే హెల్త్ ఫాసెట్ ఈ పనికి భలే సరిపోతుంది. నల్లబొమ్మ ఉన్న చోట ఎమల్షన్ కరిగి మెష్ తెరుచుకుంటుంది. ఆకాశం వైపు పట్టుకుని చూసి, చిల్లులు కనిపిస్తే కుంచెతో కాస్త ఎమల్షన్ పూసి మళ్లీ ఎండలో పెట్టండి. ఇక అప్పుడు భయం లేదు, ఎంత ఎండైనా పర్వాలేదు.

బల్ల మీద బిగించడం

చదునైన బల్లకు రెండు మడతబందులతో ఫ్రేమును తలుపులా బిగించండి. ఫ్రేము ముందు అంచు కింద, వెనక అంచు కింద రూపాయి బిళ్లలు రెండేసి ఒకదాని మీద ఒకటి అంటిస్తే మెష్ కాగితానికి రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తులో నిలుస్తుంది. ఈ సందు లేకపోతే మెష్ కాగితానికి అతుక్కుపోయి, తీసేటప్పుడు రంగు అలుముకుంటుంది. స్క్వీజీ లాగిన చోట మాత్రమే తాకాలి, దాటగానే లేచిపోవాలి.

కాగితం ప్రతిసారీ ఒకే చోట పడాలంటే, మందపాటి అట్టముక్కలు మూడు బల్లకు అంటించండి. పొడుగు వైపు రెండు, పొట్టి వైపు ఒకటి. కాగితాన్ని ముందు ఆ రెండింటికి ఆనించి, తర్వాత మూడోదాని వైపు జరపాలి. మూడు రంగులకూ అదే వరస పాటించండి.

రెండో రంగుకు మెష్ మారినప్పుడు ఎక్కడ పడుతుందో తెలియాలి. దానికో మంచి ఉపాయం ఉంది. ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ షీటును బల్లకు ఒక అంచున టేపుతో అంటించి, దాని మీద ముందు నీలం అచ్చు వేయండి. ఆ షీటు కింద పసుపు అచ్చయిన కాగితాన్ని జరుపుతూ గోళీలు గుండ్రాల్లో కూర్చునేదాకా సర్దండి. కుదరగానే కాగితం కదలకుండా, ఆ మూడు అట్టముక్కలను దాని అంచులకు మళ్లీ అంటించేయండి. ప్లాస్టిక్ షీటు తీసేసి మిగతావి వేసుకోవచ్చు.

అచ్చు వేయడం

ముందు పాత న్యూస్‌పేపర్ల మీద నాలుగైదు వేయండి. మొదటి అచ్చు ఎప్పుడూ మచ్చలతోనే వస్తుంది.

బొమ్మకు ఇవతల, మీ వైపున, మెష్ మీద రంగును ఒక గట్టులా పోయండి. ఫ్రేమును కొంచెం పైకెత్తి, స్క్వీజీతో ఒత్తిడి లేకుండా రంగును బొమ్మ మీదుగా అవతలికి ఒకసారి నెట్టండి. దీంతో తెరుచుకున్న చోటల్లా రంగు నిండుతుంది. ఇప్పుడు ఫ్రేము దించి, స్క్వీజీని 45 నుంచి 60 డిగ్రీలు వంచి రెండు చేతులతో పట్టుకుని, మీ వైపుకు ఒకే బలంతో ఒకే ఊపులో లాగండి. మధ్యలో ఆగితే అక్కడ గీత పడుతుంది. ఎత్తిన వెంటనే మళ్లీ రంగు నింపి వదలండి, మెష్ ఖాళీగా ఉంటే ఎండిపోతుంది.

నా మొదటి మూడు రంగుల ప్రింటు మే నెల మధ్యాహ్నం వేశాను, ఫ్యాను నిండా తిప్పుకుని. పదో షీటుకు పసుపు దీర్ఘచతురస్రం మీద ఒక మూల తెల్ల మచ్చ వచ్చింది, పన్నెండోదానికి సగం బొమ్మ కనబడలేదు. రంగు మెష్ కన్నాల్లో ఎండిపోయింది. ఫోన్ వచ్చిందని రెండు నిమిషాలు పక్కకు వెళ్లడమే కారణం. అప్పటినుంచి పొద్దున్నే ఆరింటికి మొదలుపెడుతున్నా, ఫ్యాను ఆపేసి. రంగులో రిటార్డర్ (రంగు త్వరగా ఎండకుండా చేసే ద్రవం) కొన్ని చుక్కలు, పక్కన నీళ్ల స్ప్రే సీసా. ప్రతి అయిదారు షీట్లకోసారి మెష్ మీద దూరం నుంచి పొగమంచులా ఒక్కసారి కొడితే చాలు. ఎక్కువైతే రంగు నీరుగారి కిందకు కారుతుంది. ఈ పనికి ఒకరు రంగు లాగుతూ, ఇంకొకరు కాగితాలు మారుస్తూ ఉంటే చాలా తేలిక. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే పట్టుకోండి. చేతికి రంగు అంటినవాళ్లు కాగితం ముట్టుకోకూడదన్న ఒక్క నియమం పెట్టుకుంటే సగం ప్రింట్లు పాడు కావు.

ముందు లేతరంగు, చివర నలుపు. పసుపు మొత్తం 26 షీట్లకూ వేసి, ఆరాక నీలం, ఆ తర్వాత నలుపు. అక్రిలిక్ అరగంటలో ఆరినట్టే ఉంటుంది, కానీ ఒక రంగుకూ మరో రంగుకూ మధ్య ఒక రాత్రి ఆగితే కాగితం మళ్లీ సమంగా అవుతుంది. పెద్ద పసుపు భాగం తడికి కాగితాన్ని కొంచెం వంచుతుంది, అందుకే ఈ ఓపిక. ఆరబెట్టడానికి బట్టల తీగ, క్లిప్పులు చాలు. క్లిప్పు ఆనే చోట ఒక చిన్న కాగితం ముక్క పెట్టండి, లేకపోతే నొక్కు పడుతుంది.

నీలం వేసేటప్పుడు మొదటి షీటు ఎత్తి చూసినప్పుడు, పసుపు మీద చిలకపచ్చ సీసాలు, వాటి మెడల్లో నీలం గోళీలు ఒక్కసారిగా కనిపిస్తాయి. నేను ఇరవైకి పైగా ఇలాంటివి వేశాను, ఇప్పటికీ ఆ షీటు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడతాను.

గీతలు ఉబ్బి ముద్దగా వస్తే రంగు పల్చబడిందనో, ఒత్తిడి ఎక్కువైందనో అర్థం. ఒక అంచు మాత్రమే పల్చగా వస్తే మీ ఒక చెయ్యి తక్కువ నొక్కుతోంది. రెండు అంచుల గీత వస్తే కాగితం జరిగింది లేదా మెష్ వదులైంది.

ఏరడం, అంకెలు వేయడం

ఆరాక అన్నీ నేల మీద పరిచి చూడండి. రంగు సరిగా పడని వాటిని పక్కన పెట్టండి, చింపకండి, వెనకవైపు తర్వాతి బొమ్మకు పరీక్షలు వేసుకోవచ్చు. మంచివి 20 మిగిలితే, ఒక్కోదానికి బొమ్మ కింద ఎడమ పక్క పెన్సిలుతో 1/20, 2/20 అని, మధ్యలో పేరు, కుడి పక్క సంతకం. పెన్ను వద్దు. మీ దగ్గర ఉంచుకునే ఒకటి రెండింటి మీద ఏ.పీ. అని రాయొచ్చు, అది ఆర్టిస్ట్ ప్రూఫ్ గుర్తు. 20 అని రాశాక 21వది వేయకూడదు. అదొక మాట ఇచ్చినట్టు.

ఒకవేళ మీరు గోళీసోడా బదులు నిజమైన కంపెనీ ప్యాకెట్టు వేయాలనుకుంటే, ఇంట్లో గోడకు పెట్టుకుంటే ఎవరూ అడగరు. అమ్మాలనుకుంటే మాత్రం లాయరును అడగండి, ప్యాకెట్టు మీది బొమ్మకు కాపీరైటు, పేరుకు ట్రేడ్‌మార్కు రెండూ ఉంటాయి. ఆ ప్యాకెట్టు వెనక కూడా ఒక చిత్రకారుడు ఉంటాడని గుర్తుంచుకోవడం మంచిది. 1964లో వార్హోల్ అచ్చం అలాగే చేసి గ్యాలరీలో పెట్టిన బ్రిల్లో అనే అంట్లు తోమే పీచు డబ్బాకు అసలు డిజైన్ చేసినవాడు జేమ్స్ హార్వే. ఆయనా చిత్రకారుడే, పొట్టకూటికి ప్యాకెట్లు గీసేవాడు.

కడిగి పెట్టడం

రంగు అయిపోగానే, టీ కూడా తాగకుండా, మిగిలింది డబ్బాలోకి గీకి స్క్రీన్‌ను నీళ్లతో కడిగేయండి. అక్రిలిక్ ఎండిపోతే ఇక మెష్ మార్చుకోవాల్సిందే. డబ్బాలోకి రాకుండా అంటుకుని ఉన్న రంగు సింకులో పోయకండి, పాత న్యూస్‌పేపర్లలో తుడిచి చెత్తలో వేయండి.

అదే ఫ్రేము ఇంకో బొమ్మకు కావాలంటే ఎమల్షన్ తీసే లిక్విడ్ రెండువైపులా రుద్ది, కొన్ని నిమిషాలాగి జోరుగా నీళ్లు కొట్టాలి. కొందరు బ్లీచింగ్ పౌడరు వాడతారు. వాడితే గాలి ఆడే చోట, చేతికి గ్లవుజులతో వాడండి. దానికి యాసిడ్‌తో ఉన్న బాత్రూమ్ క్లీనరు మాత్రం ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. ఎంత కడిగినా మెష్ మీద సీసాల నీలం నీడ లీలగా మిగిలిపోతుంది. కంగారుపడకండి, ఆకాశం వైపు పట్టుకున్నప్పుడు కన్నాలు తెరిచే ఉంటే తర్వాతి బొమ్మకు అది అడ్డు రాదు.